వెట్టితో కట్టిన గడీని ప్రజల సొమ్ముతో కాపాడటం ధర్మమేనా?

ప్రశ్న
అడిగినవారు: హన్మకొండ ఆదివారం

మేము పది పన్నెండు మందిమి ప్రతి ఆదివారం ఉదయం హన్మకొండలో ఒక మిత్రుని డాబా మీద చేరి ఏదో ఒక అంశం మీద వాదించుకుంటాము. మాలో చరిత్రకారులు గాని, న్యాయవాదులు గాని, కట్టడాల శాస్త్రం చదివినవారు గాని లేరు. ఇద్దరు పంతుళ్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక మందుల దుకాణం యజమాని ఉన్నారు. మిగిలినవారందరూ ఉద్యోగ విరమణ చేసినవారు. గొంతు పెంచకూడదన్నది మా ఏకైక నియమం, దానినే మేము తరచుగా తప్పుతుంటాము.

రెండు వారాలుగా మా చర్చ ఒకేచోట ఆగిపోయింది. పాలకుర్తి వైపు ఉన్న మా సొంత ఊరిలో ఒక దొరగారి గడీ, అంటే కోటలాంటి పెద్ద ఇల్లు, ఉంది. ఊరివారి చేత వెట్టితో, అంటే కూలి ఇవ్వని బలవంతపు పనితో, కట్టించినది. నిరుటి వానలకు దాని పడమటి ప్రహరీ కూలింది. వారసులు హైదరాబాదులో స్థిరపడ్డారు, ఊరు తీసుకుంటానంటే రాసి ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నారు. దానిని నేలమట్టం చేసి ఆ జాగాలో గ్రంథాలయం కట్టాలని ఊళ్లో కొందరు, మరమ్మతు చేయించి నలుగురూ చూసేలా నిలపాలని ఇంకొందరు అంటున్నారు.

మా చర్చలో నిలపాలన్నవారి వాదం ఇది: కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే జిల్లా అంతా పండుగ చేసుకుంది, ఆ గుడికి రాళ్లు మోసినవారికి కూలి ముట్టిందో లేదో ఆ రోజు ఎవరూ అడగలేదు, అటువంటప్పుడు గడీని మాత్రమే బోనులో నిలబెట్టడం పక్షపాతం అవుతుంది. సముద్రంలో ఓడ పగిలిన వర్తకుల సరుకును రాజు లాక్కోడని హామీ ఇస్తూ కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడని మా పంతులుగారు గుర్తుచేశారు. రాళ్లు మోసినవారికి ఇచ్చిన అటువంటి అభయాన్ని మాలో ఎవరూ చూపలేకపోయారు.

కూల్చాలన్నవారు ఒక్క మాటే అన్నారు. రామప్ప కూలీల మనుమలు ఎవరో మనకు తెలియదు, గడీకి వెట్టి చేసినవారి మనుమలు మన పక్కింట్లోనే ఉన్నారు.

నేను మొదట కూల్చాలన్న పక్షాన మాట్లాడాను. ఇప్పుడు నా మాట మీద నాకే అంత గట్టి నమ్మకం లేదు. నా సందేహం ఇది: రామప్పకూ గడీకీ నడుమ నైతికంగా తేడా ఉన్నదా? ఉంటే అది గడిచిన కాలం వల్ల వచ్చిన తేడా మాత్రమేనా? అదే నిజమైతే, ఎన్ని ఏండ్లు గడిస్తే అన్యాయం కళగా మారుతుంది?

మొదటి సమాధానం
రాసినవారు: పాకాల కట్ట

మీ మిత్రులు రెండు కట్టడాలనూ వాటిని కట్టిన తీరును బట్టి మాత్రమే పోల్చారు. ఏ పని కోసం కట్టారన్నది కూడా చూడవలసి ఉంటుంది. దేవాలయం కట్టేటప్పుడు ఎంత కష్టం జరిగినా, కట్టడం పూర్తయిన నాటితో ఆ కష్టం ఆగిపోతుంది. గడీ సంగతి అది కాదు, దాని పని కట్టడం పూర్తయిన తరువాతే మొదలవుతుంది.

మీ ఊరి గడీని ఒకసారి ఈ దృష్టితో చూడండి. వీధి వైపు కిటికీలు ఉండవు, ఉన్నా మనిషి తలకంటే ఎత్తులో ఉంటాయి. లోపలికి పోవడానికి ఒకే పెద్ద దర్వాజా ఉంటుంది, కనుక ఎవరు వచ్చారో ఎవరు పోయారో దొరకు తెలియకుండా ఉండదు. బురుజు మీద నిలబడితే చేలూ చెరువు కట్టా, వాడలకు పోయే తొవ్వలూ అన్నీ కనబడతాయి. దొర కూర్చునే అరుగు ఎత్తులో ఉంటుంది, ఫిర్యాదు చెప్పుకునేవాడు వాకిట్లో నిలబడి తల పైకెత్తి మాట్లాడాలి, అదీ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్న తరువాత. గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకోవలసిన ఆచారం ఏ కాగితం మీదా రాసి ఉండదు. ఆ గోడ ఎత్తే ఆ ఆచారాన్ని నడిపించింది. 'బాంచెన్ దొరా, నీ కాల్మొక్తా' అన్న మాట పుట్టినచోటు ఆ వాకిలే. ప్రభువుకూ ప్రజలకూ నడుమ ఉండవలసిన సంబంధం గురించి రాజనీతి గ్రంథాలు పేజీల కొద్దీ చెప్పిన సంగతిని మేస్త్రీ ఆ అరుగు ఎత్తుతో చెప్పేశాడు.

అందువల్ల కాలం ఒక్కటే తేడా అన్న మాటను నేను ఒప్పుకోను. భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో 1946 జూలై 4న కడవెండిలో, దొరల పెత్తనాన్ని ఎదిరించిన దొడ్డి కొమరయ్య చనిపోయినప్పుడు ఊరేగింపు గడీ ముందుకు వచ్చే నడిచింది. జనం ఎవరి మీద తిరగబడ్డారో అంతగానే దేని మీద తిరగబడ్డారో కూడా వారికి తెలుసు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రైతు కూలీలు లేచినప్పుడు చాకలి, మంగలి పనులు ఆపి దొరలను వెలివేసిన ఊళ్లున్నాయి. చాలామంది దొరలు గడీలకు తాళం వేసి పట్నం చేరారు. ఖాళీ గడీ అంటే ఓడిపోయిన అధికారం. దానికి ఇప్పుడు ప్రజల సొమ్ముతో సున్నం వేస్తే, ఆ ఓటమిని మనమే తుడిచేసినట్టు కాదా?

కూల్చమని నేను అనడం లేదు. బాగుచేయవద్దు అంటున్నాను. వానకు కూలితే కూలనివ్వండి.

రెండవ సమాధానం
రాసినవారు: సున్నపు బట్టీ

పై మిత్రుడు గోడ ఎత్తు గురించి చక్కగా రాశారు, గోడ లోపల ఏముందో నేను చెప్తాను. మాది మేస్త్రీల కుటుంబం. మా తాత, ఆయన తండ్రి వరంగల్ చుట్టుపక్కల గడీల్లో పనిచేశారు, కొన్నిచోట్ల కూలికి, ఎక్కువచోట్ల వెట్టికి.

గానుగ సున్నం ఎలా తయారవుతుందో ఈ రోజుల్లో చూసినవారు తక్కువ. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరగబెట్టి, గుండ్రటి రాతి కాలువలో ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే రాతి చక్రంతో వెన్నలా అయ్యేదాకా నూరాలి. పై పూతకు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. బెల్లం దొర కొట్టులోది, కరక్కాయ అడవిలోది, ఎద్దులు రైతువి, పని ఊరిది. ఎవరి ఎద్దులు ఎన్ని రోజులు తిరిగాయో రాసి పెట్టుకున్న లెక్క ఏదీ లేదు, ఎందుకంటే పైసా ఇవ్వనప్పుడు లెక్క రాయవలసిన అవసరమే రాదు. కూలి ఇచ్చిన పనికి పద్దు పుస్తకం మిగులుతుంది. వెట్టికి మిగిలే పద్దు ఆ గోడ ఒక్కటే. దానిని కూలనిస్తే మా తాతల పనికి ఉన్న ఒకే ఒక రుజువు మట్టిలో కలుస్తుంది, అప్పుడు 'వెట్టి అంత ఘోరంగా ఏమీ లేదట' అని చెప్పేవారికి అడ్డు ఉండదు.

ఇంకొక మాట. ఆ పనిలో బలవంతం ఉన్నట్టే నైపుణ్యం కూడా ఉంది, రెండూ ఒకే చేతివి. దర్వాజా మీద టేకు చెక్కడాన్ని చూసి వడ్ల పనివాణ్ణి మెచ్చుకుంటే దొరను మెచ్చుకున్నట్టు ఎట్లా అవుతుంది? నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, గడీ ముందు పెళ్లి ఫోటోలు తీయించుకునే జంటలు 'ఎంత రాజసం' అని రాసుకున్నప్పుడు. ఆ రాజసం మా ముత్తాత అరచేతుల్లోని బొబ్బలు.

నిలపాలనుకుంటే మాత్రం ముందే ఒక సంగతి తెలుసుకోండి. కూలిన ప్రహరీని సిమెంటుతో పూడ్చకండి. సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. సిమెంటు పూత ఆ చెమ్మను లోపలే బంధిస్తుంది, నాలుగైదు వానలకు మిగతా గోడ కూడా ఉబ్బి పెచ్చులూడుతుంది. దూలాల కొసలు గోడలో దిగిన చోట ముందుగా పుచ్చిపోతాయి, వాటిని తట్టి చూడండి. ఖర్చును తక్కువగా అంచనా వేయకండి, సమయాన్ని అసలే వేయకండి. వేయి స్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని 2006లో విప్పితే మళ్లీ తెరిచింది 2024లో. మీది అంత పని కాదు, కానీ ఒక వేసవిలో తేలేది కూడా కాదు.

మూడవ సమాధానం
రాసినవారు: మేడారం తొవ్వ

సున్నపు బట్టీ అన్న మాటల్లో నన్ను కదిలించినది పద్దు గురించిన మాట, నేను ఒప్పుకోనిది కూడా అదే. గోడ పోతే జ్ఞాపకం పోతుందన్నది మన ప్రాంతం విషయంలో నిలబడే మాట కాదు.

కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయవారి మీదికి కాకతీయ సైన్యం వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, జంపన్న ఆ పోరులో ఒరిగారని మౌఖిక గాథ చెప్తుంది. శాసనాల్లో వెతికే కథ కాదది, కోయ పూజారుల నోట నిలిచిన కథ. మేడారంలో గుడి లేదు, గోపురం లేదు, విగ్రహం లేదు. గద్దెలు, వెదురు, కుంకుమ భరిణె, అంతే. అయినా రెండేళ్లకొకసారి మాఘమాసంలో లక్షల మంది జంపన్న వాగులో మునిగి, బెల్లాన్ని బంగారమని పిలిచి మొక్కు తీర్చుకుంటారు. 1323లో ఓరుగల్లు కోట పడింది. కప్పం అడిగిన రాజ్యం పోయి ఏడు వందల ఏండ్లయినా, కప్పం ఇచ్చేది లేదన్నవారి మాట మిగిలింది. దానిని మోయడానికి ఒక్క రాయి కూడా అక్కర్లేకపోయింది.

ప్రశ్న అడిగినవారు 'ఎన్ని ఏండ్లు గడిస్తే' అన్నారు కదా, దానికి కూడా జవాబు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. మేడారం నుంచి తిరుగు ప్రయాణంలో ఎన్ని కుటుంబాలు పాలంపేటలో దిగి రామప్పను చూసి పోతాయో గమనించండి. పొద్దున కాకతీయ రాజును ఎదిరించిన తల్లికి మొక్కినవారే సాయంత్రం కాకతీయ సేనాని కట్టించిన గుడిలో మదనికల (రాతిలో చెక్కిన స్త్రీమూర్తుల) ముందు నిలబడి ఔరా అంటారు. వారిని ఎవరూ తికమకపడినవారు అనలేరు. అన్యాయం కళగా మారనూ లేదు, కళ అన్యాయంగా మారనూ లేదు. రెండింటినీ పక్కపక్కన ఉంచుకోవడం జనానికి తెలుసు. అయితే వారికి ఆ రెండవ కథ చెప్పే చోటు వేరుగా ఉంది. మీ గడీ వద్ద అటువంటి రెండవ చోటు లేదు. ఉన్నదల్లా గడీయే. అక్కడ చిక్కు వస్తుంది.

మా ఊళ్లో ఏమి జరిగిందో చెప్తాను, వాదానికి పనికి వస్తుందో రాదో మీరే చూడండి. మా గడీని ఎవరూ కూల్చలేదు, ఎవరూ కాపాడలేదు. ముప్పై ఏండ్లలో ఊరు దానిని కొద్దికొద్దిగా ఇంటికి తెచ్చుకుంది. దూలాలు రెండు భజన మందిరానికి, ఇటుకలు ఎవరెవరి పొయ్యిలకో పోయాయి. దొర గుర్రం ఎక్కేటప్పుడు కాలుపెట్టే నల్లబండ ఇప్పుడు ఒక చాకలి ఇంటి వెనుక బట్టలు ఉతికే బండ. ఆ ఇంటి అవ్వ దానిని చూపించి నవ్వుతుంది. పురావస్తు శాఖవారు దీనిని విధ్వంసం అనవచ్చు. నాకైతే అది పరిహారంలా కనబడింది.

పాకాల కట్ట (మళ్లీ)

మేడారం మాట అంగీకరిస్తున్నాను. కానీ ఒక సవరణ. అక్కడ జ్ఞాపకం తనంతట తాను నిలబడలేదు, తరతరాలుగా కోయ పూజారులు దానిని నిలబెట్టారు. గడీ కథకు అటువంటి వారసులు ఎవరున్నారు? ఉద్యమ పాటలు పాడిన తరం వెళ్లిపోతున్నది. కనుక సున్నపు బట్టీ భయం పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. వానకు వదిలేయమన్న నా మాటను ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం
హన్మకొండ ఆదివారం

అందరికీ ధన్యవాదాలు. ఈ సమాధానాలను ముద్రించుకొని ఆదివారం డాబా మీద చదివి వినిపించాను. గొంతులు లేచాయి, ఆ సంగతి పక్కన పెడదాం.

ఎన్ని ఏండ్లు అన్న నా ప్రశ్న తప్పు ప్రశ్న అని మాకు అర్థమైంది. చట్టానికి అది పనికివచ్చే లెక్కే. నూరేండ్లు దాటిన కట్టడం ప్రాచీనమని 1958 నాటి కేంద్ర చట్టం అంటుంది. న్యాయానికి ఆ లెక్క పనికిరాదు. వెట్టిని రాజ్యాంగం ఇరవై మూడవ అధికరణంలో నిషేధించింది గాని, చేసిపోయిన వెట్టికి ఎవరు ఏమి ఇవ్వాలో ఎక్కడా చెప్పలేదు. ఆ తీరని బాకీ సంగతి తేల్చకుండా గోడ సంగతి తేల్చబోయాము.

అందువల్ల ఊరి సభకు మేము పెట్టబోయే ప్రతిపాదనను మార్చాము. మొత్తం గడీని బాగుచేయించడం ఊరి శక్తికి మించిన పని, దానికి ప్రజల సొమ్ము అడగము. బురుజు, దర్వాజా, దొర కూర్చున్న అరుగు, ఈ మూడింటిని సున్నంతోనే నిలపాలి. అరుగును ఎత్తు తగ్గించకుండా అట్లాగే ఉంచాలి, దాని ఎదుట వాకిట్లో నిలబడి చూస్తే గాని అది ఏమిటో తెలియదు. మిగతా జాగాలో గ్రంథాలయం కట్టవచ్చు. పనికివచ్చే దూలాలు, బండలు ముందుగా వెట్టి చేసిన ఇండ్లవారికి, వారు కోరుకుంటే ఇవ్వాలి. ఈ చివరి మాటను మా బ్యాంకు మిత్రుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఊరి ఆస్తిని పంచే హక్కు ఊరి సభకు కూడా లేదని ఆయన వాదన, దానికి మా వద్ద సరైన జవాబు లేదు.

పద్దు గురించి ఒక పని మొదలుపెట్టాము. పోయిన శుక్రవారం ఊరికి పోయి ఎనభై దాటిన ముగ్గురిని కలిశాము. ఏ ఇంటి నుంచి ఏ పనికి మనిషి పోయేవాడో ఇద్దరు చెప్పగలిగారు, కొందరి పేర్లతో సహా. మూడవ ఆమె, గడీలో చిన్నప్పుడు పనిచేసిన మనిషి, రాయవద్దన్నది. ఎందుకని అడిగితే దొరగారి చిన్న కొడుకు ఇంకా బతికే ఉన్నాడు కదా అన్నది. ఆమె చెప్పినవి రాయలేదు. మిగతా ఇద్దరివి రాసుకున్నాము, ఇప్పటికి పంతొమ్మిది ఇండ్లు అయ్యాయి. సున్నపు బట్టీ గారికి వీలుంటే వానలు పడకముందే ఒకసారి వచ్చి దూలాల కొసలు తట్టి చూడగలరా? రానుపోను ఏర్పాటు, కూలి రెండూ మావే.