అప్‌డేట్: పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేశాను

4 జీబీ ర్యామ్ ఉన్న మా పాత ల్యాప్‌టాప్‌కి ఏ ఉచిత ఓఎస్ (కంప్యూటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) మంచిదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 దీంట్లో ఎక్కదు. ఉబుంటు, మింట్ అనే రెండు ఉచిత లినక్స్ ఓఎస్‌లనీ ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాను. ఉబుంటు బాగుంది కానీ ఈ ర్యామ్‌కి బరువైంది. చివరికి మింట్ 22లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం వేశాను. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

వైఫై మాత్రం రాలేదు. రాత్రంతా టెన్షన్. పొద్దున్నే బ్రాడీపేటలో ఉండే మా బావకి ఫోన్ చేస్తే, "ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చేది) ఆన్ చెయ్యి, తర్వాత డ్రైవర్ మేనేజర్ (వైఫై లాంటి భాగాలకి కావాల్సిన సాఫ్ట్‌వేర్ వేసేది) తెరువు" అన్నాడు. పది నిమిషాల్లో వచ్చేసింది! ఇప్పుడు అమ్మ చీటీల లెక్కలు లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగులోనే రాసుకుంటోంది.

ముందు ఫొటోలు బ్యాకప్ తీసుకోమన్నవాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్.