లాబీయింగ్‌ను పైరవీ అనవచ్చా?

అనువాదాల బల్ల:
గుంపులోని పెద్దలందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఐరోపా యూనియన్ డిజిటల్ చట్టాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో డిజిటల్‌యూరప్, సీసీఐఏ యూరప్, డాట్ యూరప్ అనే పరిశ్రమ సంఘాల ప్రస్తావన వస్తుంది. టెక్ కంపెనీల తరఫున బ్రస్సెల్స్‌లో మకాం వేసి, రాబోయే చట్టాలు తమ సభ్యులకు అనుకూలంగా ఉండేలా చూసుకోవడం వాటి పని. మొదటి ప్రతిలో ‘పైరవీలు చేసే సంఘాలు’ అని రాశాను. మా డెస్కులో పెద్దాయన ఎర్ర సిరాతో కొట్టేసి ‘లాబీయింగ్’ అని పెట్టారు. ‘పైరవీ అంటే బదిలీ ఆపించుకోవడానికి ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడటం. ఇది అది కాదమ్మా’ అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అయినా ఇంత పాత పనికి తెలుగులో మాటే లేదంటే మనసు ఒప్పడం లేదు. మీరేమంటారు?

పాత నిఘంటువు:
ముందు పైరవీ పుట్టుక చూద్దాం. అది ఫారసీ మాట. ‘పై’ అంటే పాదం, ‘రవ్’ అంటే నడిచేది. ఒకరి అడుగుజాడల్లో నడవడం, వెన్నంటి ఉండటం అని అర్థం. ‘పైవాళ్లను పట్టుకోవడం కాబట్టి పైరవీ’ అని లోగడ ఈ గుంపులోనే ఎవరో రాశారు. వినడానికి ముచ్చటగా ఉంది, నిజం మాత్రం కాదు. హిందీలో కోర్టులో కేసు నడపడాన్ని ఇప్పటికీ పైరవీ అనే అంటారు, అందులో ఏ మచ్చా లేదు. మన దగ్గరికి వచ్చేసరికి కేసు వెంట తిరగడం కాస్తా ఫైలు వెంట తిరగడమై, మర్యాద పోయింది. పైరవీకారుడు అంటే ఇక చెప్పనక్కర్లేదు.

లాబీ సంగతి ఇంకా తమాషా. మధ్యయుగపు లాటిన్‌లో పైకప్పు ఉన్న నడవాకు వాడిన మాట అది. తర్వాత బ్రిటిష్ పార్లమెంటులో సభ్యులను బయటి జనం కలుసుకునే హాలుకు ఆ పేరు వచ్చింది. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ సాయంత్రాలు హోటల్ లాబీలో చుట్ట కాలుస్తుంటే అర్జీదారులు చుట్టుముట్టేవారనీ, లాబీయిస్టు అన్న మాట అక్కడే పుట్టిందనీ ఒక కథ ఉంది. ఆయన అధ్యక్షుడైంది 1869లో. అంతకు ముందు నుంచే ఆ మాట అమెరికా వాడుకలో ఉంది. ఏమైనా, నడవాలో జరిగే పని అన్నమాట. తెలుగులో ‘వసారా వ్యవహారం’ అంటే ఎలా ఉంటుందో అని నాకు నేనే నవ్వుకున్నాను.

గుమాస్తా:
నలభై ఏళ్లు వకీలు దగ్గర గుమాస్తాగా చేసినవాడిని, నా కన్ను వకాల్తా మీదే పడుతుంది. ‘వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావు?’ అని ఇళ్లలో కూడా అంటాం. సంఘాలు చేసేది ఇదే కదా. ‘వకాల్తా సంఘాలు’ అని రాయండమ్మా. పైరవీలో ఉన్న దుర్వాసన ఇందులో లేదు.

షూమన్ కూడలి:
నేను ఉండేది బ్రస్సెల్స్‌లో. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, లాబీయిస్టును కాను. ఆఫీసు ఐరోపా యూనియన్ కార్యాలయాలున్న షూమన్ కూడలికి దగ్గర కావడం వల్ల మధ్యాహ్నం భోజనానికి వెళితే పక్క బల్ల మీద ఎప్పుడూ ఈ కబుర్లే.

గుమాస్తా గారూ, వకాల్తా నాకు బాగా నచ్చింది. అయితే ఒక చిక్కు ఉంది. వకాల్తానామాలో కక్షిదారు పేరు మొదటే ఉంటుంది. సంఘం పేరులో ఉండదు. డాట్ యూరప్ 2020 దాకా ఎడిమా అనే పేరుతో ఉండేది. కొత్త పేరు చివర యూరప్ చేరింది. సభ్యుల జాబితా తీస్తే గూగుల్, మెటా, అమెజాన్, యాపిల్, మైక్రోసాఫ్ట్ కనిపిస్తాయి. సీసీఐఏ 1972లో అమెరికాలో పుట్టిన సంఘం, దాని ఇక్కడి శాఖ పేరు సీసీఐఏ యూరప్. డిజిటల్‌యూరప్ తీరు కొంచెం వేరు. అందులో పెద్ద కంపెనీలతో పాటు వివిధ దేశాల పరిశ్రమ సంఘాలు కూడా సభ్యులే, అంటే సంఘాల సంఘం. వీటిలో ఏదీ రహస్యం కాదు, జాబితాలు వెబ్‌సైట్లలోనే ఉంటాయి. మారేది వాక్యంలో కర్త. ‘గూగుల్ అభ్యంతరం చెప్పింది’ అని చదివితే ఒక రకంగా తోస్తుంది. ‘ఐరోపా డిజిటల్ రంగం ఆందోళన వ్యక్తం చేసింది’ అంటే ఎక్కడో చిన్న ఊళ్లో యాప్ తయారుచేసే కుర్రాడు కూడా ఆందోళన పడుతున్నట్టు ఉంటుంది.

అనువాదాల బల్ల:
అయ్యో, నాకు తగిలిన దెబ్బ సరిగ్గా ఇక్కడే. అలాంటి ఒక సంఘం పత్రంలో పేరా పేరాకూ ‘వుయ్’ ఉంది. ఇంగ్లీషులో ఒకే మాటతో గడిచిపోతుంది. తెలుగులో నేను తేల్చుకోవాలి, ‘మేము’ అనాలా, ‘మనం’ అనాలా? కొత్త ఆవిష్కరణలకు అడ్డం పడకూడదు అనే చోట ‘మనం’ అంటే చదివేవాళ్లను కూడా కలుపుకున్నట్టు. ‘మేము’ అంటే చందా కట్టిన సభ్యులు మాత్రమే. పత్రం నడక చూస్తే మొదటి రెండు పేజీల్లో అంతా మనమే, చివర కోరికల దగ్గరికి వచ్చేసరికి మేము. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియక పెన్సిలుతో రెండూ రాసి వదిలేశాను.

పాత నిఘంటువు:
భేష్. తెలుగు వ్యాకరణం పెట్టే తనిఖీ ఇది. వదలకండి.

షూమన్ కూడలి:
ఇక పైరవీ ఎందుకు కుదరదో నాకు తోచింది చెబుతాను. మన దగ్గర పైరవీ చట్టం వచ్చాక జరుగుతుంది. నిబంధన అందరికీ ఒకటే, నాకొక్కడికి సడలించండి అని అడగడం పైరవీ. ఇక్కడ సంఘాల పని చట్టం పుట్టక ముందు, దాని వాక్యాల లోపల. అడిగేది మినహాయింపు కాదు, మాట మార్పు. ఐరోపా యూనియన్‌లో చట్టాలు ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్ ముసాయిదా యూరోపియన్ పార్లమెంటుకు వచ్చాక కమిటీ సభ్యులు సవరణలు వేస్తారు. సవరణ కాగితం ఎలా ఉంటుందంటే, ఎడమ గడిలో కమిషన్ రాసిన పాఠం, కుడి గడిలో సభ్యుడు కోరే పాఠం, మారిన మాటలు బొద్దు అక్షరాల్లో, కింద రెండు మూడు వాక్యాల సమర్థన. సంఘం ఆ కుడి గడిని నింపి, సమర్థన కూడా రాసి, సభ్యుడి సహాయకుడికి ఈమెయిల్‌లో పంపిస్తుంది. మన జిల్లా పేజీల్లో మిల్లర్ల సంఘం మంత్రికి శాలువా కప్పి వినతిపత్రం ఇస్తున్న ఫొటో ఉంటుంది చూడండి, ఆ పత్రం ‘మా సమస్య పరిష్కరించండి’ అంటుంది. ఇక్కడి పత్రం పరిష్కారాన్ని చట్ట భాషలో రాసిపెట్టి ఇస్తుంది. తీరిక లేని సభ్యుడికి అది సాయంగానే కనిపిస్తుంది.

కమిషన్ 2012 జనవరిలో ప్రతిపాదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్నే తీసుకోండి, ఇప్పుడు అందరూ జీడీపీఆర్ అంటున్నది. పార్లమెంటులో దాని బాధ్యత చూసినవాడు జర్మనీ గ్రీన్ పార్టీ సభ్యుడు యాన్ ఫిలిప్ ఆల్బ్రెక్ట్. ఆయన బల్ల మీదికి దాదాపు 4,000 సవరణలు వచ్చి పడ్డాయి. 2013లో కొందరు లాబీప్లాగ్ అని ఒక వెబ్‌సైటు పెట్టారు. కంపెనీలు, వాణిజ్య సంఘాలు ఇచ్చిన పత్రాలను ఒక పక్క, సభ్యులు వేసిన సవరణలను మరో పక్క పెట్టి చూపించారు. చాలా చోట్ల వాక్యానికి వాక్యం దిగిపోయింది. కాపీ కొట్టిన కుర్రాడు పక్కవాడి పేరు కూడా రాసేసినట్టు, అంత పచ్చిగా ఉంది వ్యవహారం.

ఇది భాషా గుంపు కాబట్టి రెండు మాటలు దగ్గరగా చూపిస్తాను. సమాచారం చోరీ అయితే అధికారులకు ఎప్పటిలోగా చెప్పాలి? ప్రతిపాదనలో ‘సాధ్యమైన చోట 24 గంటల్లోగా’ అని ఉంది. 2016లో ఆమోదం పొందిన పాఠంలో అది 72 గంటలు. పైగా ప్రజలకు ముప్పు కలిగే అవకాశం లేకపోతే చెప్పనక్కర్లేదని ఒక తోక చేరింది. రెండోది మన వివరాలు వాడుకోవడానికి మనం ఇచ్చే సమ్మతి నిర్వచనం. ప్రతిపాదనలో ఉన్న విశేషణాన్ని నేను ‘నోరు తెరిచి చెప్పిన’ సమ్మతి అంటాను. చివరి పాఠంలో దాని స్థానంలో ‘సందేహానికి తావులేని’ సమ్మతి వచ్చింది. చూడటానికి రెండూ ఒకటే. కానీ సందేహం లేదని తేల్చేది ఎవరు? మొదటిదానిలో చెప్పినవాడు, రెండోదానిలో విన్నవాడు. ఈ మార్పులు సంఘాల వల్లే జరిగాయని నేను అనను, సభ్య దేశాల ప్రభుత్వాల బేరం కూడా అందులో ఉంది. కానీ ఆ 24 గంటల గడువూ, ఆ కటువైన విశేషణమూ పోవాలని సంఘాలు గట్టిగా కోరాయి.

గుమాస్తా:
అయితే ‘మౌనం అర్ధాంగీకారం’ అన్నది చట్టమైపోయిందన్నమాట!

షూమన్ కూడలి:
లేదండీ, అక్కడ మాత్రం ఆల్బ్రెక్ట్ వర్గం గట్టిగా నిలబడింది. మౌనం, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి, ఏమీ చేయకుండా ఊరుకోవడం, వీటిలో ఏదీ సమ్మతి కాదని పీఠికలోని 32వ పేరా తేల్చి చెప్పింది. మన సామెత ఐరోపాలో చెల్లదు. ఆ పాత కటువైన విశేషణం కూడా పూర్తిగా పోలేదు. ఆరోగ్యం, మతం వంటి సున్నిత వివరాల దగ్గర అలాగే ఉంది.

చేదునిజం:
ఇంత పాండిత్యం ఎందుకు? ‘లంచం’ అని రాయండి. ఒక్క మాటతో సరి.

షూమన్ కూడలి:
అలా రాస్తే తప్పవుతుంది, పరువునష్టం కూడా అవుతుంది. ప్రాతినిధ్య సంఘాలతో బహిరంగంగా, క్రమం తప్పకుండా సంప్రదింపులు జరపాలని ఐరోపా యూనియన్ ఒప్పందంలోని 11వ అధికరణమే చెబుతోంది. 2011 నుంచి పార్లమెంటుకూ కమిషన్‌కూ ఉమ్మడి పారదర్శకతా రిజిస్టరు ఉంది. ఎవరి తరఫున, ఏడాదికి ఎంత ఖర్చుతో పని చేస్తున్నారో అందులో చెప్పుకోవాలి. ఆ రిజిస్టరు ఆధారంగానే కార్పొరేట్ యూరప్ అబ్జర్వేటరీ, లాబీకంట్రోల్ అనే నిఘా సంస్థలు 2021లో ఒక లెక్క తీశాయి. డిజిటల్ విధానాల మీద 612 కంపెనీలు, సంఘాలు కలిసి ఏటా 9.7 కోట్ల యూరోలకు పైగా ఖర్చు పెడుతున్నాయని తేలింది. 2025లో మళ్లీ చూస్తే సంఖ్య 733కు, ఖర్చు 15.1 కోట్ల యూరోలకు చేరింది. ఇవన్నీ వాళ్లంతట వాళ్లు రాసి ఇచ్చిన లెక్కలు. 2022 డిసెంబరులో పార్లమెంటును కుదిపేసిన ఖతార్ వ్యవహారంలో నోట్ల కట్టలు దొరికాయి, దర్యాప్తు లంచం ఆరోపణల మీదే. సంఘాల పని అది కాదు. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం.

అలాగని అంతా నున్నగా సాగుతుందని అనుకోవద్దు. 2020 అక్టోబరులో గూగుల్ అంతర్గత పత్రం ఒకటి బయటపడింది. డిజిటల్ సేవల చట్టాన్ని, దాన్ని ముందుండి నడుపుతున్న కమిషనర్ తియెరీ బ్రెటన్‌ను ఎలా ఎదుర్కోవాలో 60 రోజుల వ్యూహం అది. ఆ తర్వాత సుందర్ పిచాయ్ వీడియో కాల్‌లో బ్రెటన్‌కు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో అమెజాన్ ప్రతినిధులు 14 మంది పార్లమెంటు ప్రవేశ బ్యాడ్జీలు పోగొట్టుకున్నారు. గిడ్డంగుల్లో కార్మికుల పరిస్థితి గురించి సభ్యులు పిలిచిన విచారణలకు కంపెనీ రాకపోవడం దానికి కారణం. మాట్లాడవలసిన చోటికి రానివాళ్లకు నడవాలో తిరిగే హక్కు ఎందుకని సభ్యుల వాదన. లాబీ పుట్టింది నడవాలోనే అని పాత నిఘంటువు గారు చెప్పారు కదా, శిక్ష కూడా ఆ నడవాకే పడింది.

పాత నిఘంటువు:
ఇదంతా చదివాక నాకు ఒక మాట తట్టింది. పలుకుబడి. ‘ఆయనకు పై స్థాయిలో పలుకుబడి ఉంది’ అంటాం. ‘ఇది తెలుగు పలుకుబడి కాదు’ అని కూడా అంటాం. ఒకటి పరపతి, రెండోది మాట తీరు. షూమన్ గారు చూపించిన 24 గంటలు, 72 గంటలు, ఆ విశేషణం, అవన్నీ మొదటి పలుకుబడి వెళ్లి రెండో పలుకుబడిని మార్చిన సంగతులే. లాబీయిస్టును ‘పలుకుబడిదారు’ అంటే?

చేదునిజం:
పలుకుబడిదారు బాగుంది, రేషన్ కార్డుదారులా. క్యూలో నిలబెట్టండి.

గుమాస్తా:
నవ్వినా నవ్వకపోయినా ఒక అభ్యంతరం. పలుకుబడి మనిషికి ఉండే గుణం, చేసే పని కాదు. ‘పలుకుబడి చేశారు’ అనలేం. ‘పలుకుబడి ఉపయోగించారు’ అనాలి. అప్పుడు మళ్లీ సిఫారసు వాసన వస్తుంది. నాకు వకాల్తాయే మేలు.

పాత నిఘంటువు:
ఒప్పుకుంటున్నాను. క్రియ లేని మాట పత్రికకు పనికిరాదు. వకాల్తాకు ‘పుచ్చుకోవడం’ అనే క్రియ సిద్ధంగా ఉంది. సంఘాల దాకా అయితే అదే పెట్టండి. ఒక కంపెనీ నేరుగా వెళ్లి మాట్లాడితే మాత్రం అది వకాల్తా కాదు, తన వ్యాజ్యం తానే వాదించుకోవడం. అక్కడ లాబీయింగ్ అనే ఉంచండి. బస్సు అనే మాటను మనం మార్చామా?

షూమన్ కూడలి:
ఒక్క విన్నపం. వకాల్తా అని రాసిన ప్రతిచోటా ఎవరి తరఫున అన్నది కూడా రాయండి. ఆ మాట దాన్ని అడుగుతుంది. పైరవీ అడగదు, లాబీయింగ్ అడగదు.

అనువాదాల బల్ల:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి పంపిన పాఠం ఇది: ‘గూగుల్, మెటా, అమెజాన్ వంటి సభ్య కంపెనీల తరఫున వకాల్తా పుచ్చుకునే డాట్ యూరప్’. మొదటి ప్రస్తావనలో సభ్యుల పేర్లు, తర్వాత సంఘం పేరు. ‘వుయ్’ అన్న చోటల్లా ‘మేము’ పెట్టాను, మొదటి రెండు పేజీల్లో కూడా. పెద్దాయన ఈసారి ఎర్ర సిరా తీయలేదు, ‘వకాల్తా’ కింద మాత్రం ఒక గీత గీసి ‘బాగుంది’ అన్నారు. శీర్షికలో లాబీయింగే వేశారు. రెండు కాలమ్‌ల వెడల్పులో వకాల్తా, పుచ్చుకోవడం రెండూ పట్టవట.