సమస్య: ఒక్క బోదె తెరువ నూరు మునిగె

మోడరేటర్: నిన్న మడికి నీళ్లు పెడుతుంటే తట్టిన పాదం. పూరణలో పెర్కొలేషనో (దారులు తెరుచుకుంటూ పోతే నీళ్లు అవతలికి ఎప్పుడు చేరతాయనే లెక్క) అయస్కాంతమో రావాలి. కందాలు తేకండి బాబూ, పాదం చూస్తే తెలీట్లా?

లంక కుర్రాడు:
సగము బోదెలుండె జలము పారని రీతి
తడియు దొరకదాయె తాత మడికి
గట్టు దాటు హద్దు గమనింప లేనైతి
ఒక్క బోదె తెరువ నూరు మునిగె

గళ్లుగళ్లుగా ఉన్న బోదెల్లో చీటీలు తీసినట్టు ఏది పడితే అది తెరుచుకుంటూ పోతే, సగం దాకా నీళ్లు అవతలి గట్టు చేరవు, సగం దాటగానే చేరతాయి, పెద్ద ఆయకట్టైతే కచ్చితంగా. 1980లో గణితవేత్త కెస్టెన్ రుజువు చేశాడండి.

లాకుల మాస్టారు: ఊరు ముంచింది ఆ ఒక్క బోదె కాదు, ముందు తెరిచిన సగమూను, అది పట్టావు, శభాష్. కానీ మొదట 'గమనింప లేకపోతి' అని పెట్టి, లఘువు ఎక్కువైందని ఎవరూ అనకముందే మార్చేశావు, చూశాన్లే ఆయ్.

రాజోలు బావ:
కాక తగ్గ నినుము కణమెల్ల నొకదిక్కు
చూచె పక్కవాని చూపు బట్టి
ఒకటి తిరుగ వెంట నొరిగె నన్నియు నట్లు
ఒక్క బోదె తెరువ నూరు మునిగె

నూరంటే ఊరు కాదండోయ్, వంద! పదికి పది గళ్లు, వంద సూదులు, అంటే ఇనుములోని బుల్లి అయస్కాంతాలు. ఇనుము 770 డిగ్రీల కిందికి దిగితే ఎక్కువవి ఒకవైపుకే మొగ్గుతాయి.

లాకుల మాస్టారు: వందైతే యతేదీ బావా? ఊరు అని విడదీస్తేనే ఒ-ఊ మైత్రి, నకారంతో ఒకారానికి చుట్టరికం ఎప్పట్నించి? పైగా ఒక సూది తిరిగితే ఊరంతా తిరగడం ఆ 770 దగ్గర్లోనే, బాగా పైనుంటే పక్కవాడి మాట నాలుగిళ్లు దాటదు.

రాజోలు బావ: తమరా చెప్పేది! పోయిన సంక్రాంతికి ఒంటి కాలవ మీద పద్యం రాసి, ఒక్క లాకు మూస్తే కింద చుక్క రాదు కాబట్టి అయస్కాంతమే పుట్టదని తేల్చేశారుగా. 1925లో భౌతికవేత్త ఐసింగూ ఇంతే, ఈ సూదుల ఒంటి వరస లెక్కగట్టి మూడు కొలతల్లోనూ అంతేనని పొరబడ్డాడు. గళ్లలో అలా కుదరదు, తిరగబడ్డ సూదుల లంక చుట్టూ గట్టుండాలి, గట్టు పొడుగయ్యే కొద్దీ ఖర్చు, అందుకే చల్లగా ఉంటే పెద్ద లంకలు లేవవు. 1936లో ఇంకో భౌతికవేత్త పయర్ల్స్ చెప్పిందిదే.

లంక కుర్రాడు: ఆ గళ్లలో అయస్కాంతం నిలిచే వేడి హద్దు 2.269 అని 1944లో ఆన్‌సాగర్ అనే శాస్త్రవేత్త కచ్చితంగా కట్టాడు కదండీ, పక్కపక్క సూదుల జత బలం ఒకటనుకుంటే...

లాకుల మాస్టారు: సంక్రాంతి పద్యంలో యతి తప్పలేదు కదా!

మోడరేటర్: ఇద్దరూ ఆగండి. బావా, ఊరనుకుని ఊరుకుంటే పోయేది, వంద అని నువ్వే బయటపెట్టుకున్నావు.

రాజోలు బావ: సరే, ఊరే. అయినా 'కణములెల్ల' అనాల్సిన చోట 'కణమెల్ల' అని నెట్టేశా, ఒక్కరూ పట్టుకోలేదేంటండీ?