లామస్‌ను తెలుగులో ఏమందాం? (ఆ బొమ్మ మొక్కజొన్నది కాదు)

నిన్న గ్రూపులో ఒక అనువాదకురాలు అడిగిన ప్రశ్నకు కామెంటులో జవాబు రాయబోతే పెద్దదైపోయింది. అందుకే విడిగా పెడుతున్నాను. విక్కా అనే, ప్రకృతిని కొలిచే కొత్తకాలపు మతం వాళ్లు ఆగస్టు 1న చేసుకునే లామస్‌ను "పంటల పండగ" అనొచ్చా అని ఆవిడ అడిగారు.

అది చాలదని నా అభిప్రాయం. విక్కాలో ఏడాదికి ఎనిమిది పండగలుంటే, పంటతో ముడిపడ్డవే మూడు. ఆగస్టు మొదట్లో ధాన్యానిది, సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున పండ్లది, అక్టోబరు 31న చలికాలం ముంగిట వచ్చే ఆఖరిది. మూడూ పంటల పండగలే అయితే ఇది తొలిపంటదని చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

దారి ఆ పేరులోనే ఉంది. పాత ఇంగ్లీషులో అది "హ్లాఫ్‌మాస్సె". హ్లాఫ్ అంటే రొట్టె, ఇప్పటి "లోఫ్" అదే. మాస్సె అంటే చర్చి ఆరాధన. కొత్త పిండితో కాల్చిన మొదటి రొట్టెను చర్చికి పట్టుకెళ్లే రోజన్నమాట. అంటే పేరు క్రైస్తవులది. 1950లలో జెరాల్డ్ గార్డ్‌నర్ రచనలతో ఇంగ్లండులో బయటికి తెలిసిన విక్కాలోకి అది తర్వాత చేరింది. చర్చి వెళ్లిపోయింది, రొట్టె మిగిలింది. ఇప్పటికీ చాలామంది ఆ రోజు ఇంట్లోనే రొట్టె కాలుస్తారు, కొందరు మనిషి ఆకారంలో చేస్తారు. అందరూ తుంచుకుని తింటారు, ఒక ముక్క మట్టికి వదులుతారు.

ఆ హ్లాఫ్‌ను ఇంకాస్త తవ్వితే నాకు ఒళ్లు పులకరిస్తుంది. "లార్డ్" అంటే మొదట రొట్టెను కాపాడేవాడు. "లేడీ" అంటే రొట్టె పిండి పిసికేది. ఇంట్లో పనివాడికి పాత మాట "రొట్టె తినేవాడు". మన "అన్నదాత", "వాళ్ల ఉప్పు తిన్నవాణ్ణి" గుర్తుకు రావడం లేదూ!

లామస్‌కు ఇంకో పేరు ఐర్లండుది. రాతలో లుఘ్‌నసద్ అన్నట్టు కనిపిస్తుంది కానీ పలకడం "లూనసా". ఐరిష్‌లో ఆగస్టు నెల పేరే అది. లూ అనే దేవుడు, తనను పెంచిన తల్లి తాల్చు అడవి నరికి పొలం చేసి ఆ శ్రమకే ప్రాణం విడిస్తే, ఆమె జ్ఞాపకంగా ఆటలు పెట్టించాడని కథ. కాబట్టి ఇందులో సంతోషంతో పాటు సంతాపమూ ఉంది. "సంబరాలు" అని రాసేటప్పుడు ఇది మరిచిపోవద్దు.

ఇక పైన శీర్షికలో అన్న బొమ్మ సంగతి. ఈమధ్య ఒక అనువాదం సరిచూస్తుంటే "మొక్కజొన్న బొమ్మ" అని కనిపించింది. మూలంలో "కార్న్ డాలీ". బ్రిటన్ వాడుకలో కార్న్ అంటే ధాన్యం, ఇంగ్లండులో అయితే ముఖ్యంగా గోధుమ. మొక్కజొన్న ఐరోపాకు వచ్చిందే కొలంబస్ తర్వాత. ఈ బొమ్మకు పొడుగు కాడల గోధుమ గడ్డి కావాలి. దాన్ని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక ఒక్కో కాడనూ పక్కదాని మీదుగా మడుస్తూ జడలాగా తిప్పి అల్లుతారు. కంకులు చివర వేలాడుతుంటాయి, వాటి మొదలు దగ్గర ఎర్ర రిబ్బను కడతారు. చాలావాటికి ముఖమే ఉండదు. కోతల్లో ఆఖరి పన (కోసిన కంకుల కట్ట)తో అల్లి, చలికాలమంతా ఇంట్లో ఉంచి, వసంతంలో మొదటి చాలులో దున్నేయడం పాత ఆచారం అంటారు. విక్కా వాళ్లు లామస్‌కే అల్లుకుంటారు. "గడ్డి బొమ్మ" అంటే దిష్టిబొమ్మ అనుకుంటారు కనుక "కంకుల బొమ్మ" అనమని నా సలహా. పిచ్చుకల కోసం మన ఇళ్ల చూరుకు వేలాడదీసే వరికంకుల కుచ్చు చూసినవాళ్లకు ఆ అల్లిక వెంటనే కళ్లకు కడుతుంది.

విక్కా అనే మాటను మాత్రం దయచేసి "మంత్రగత్తెల మతం" చేయకండి. ఇంగ్లీషు "విచ్"కు మూలం ఆ పాత మాటే, నిజమే. కానీ చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లు మనవి. ఆ మాట రాసిన క్షణం రొట్టె కనపడదు, భయం కనపడుతుంది. విక్కా అనే ఉంచండి.

మరి లామస్‌కు? మన్యంలో కందికొత్త, కొర్రకొత్త అని పండగలున్నాయి. అక్కడ "కొత్త" అంటే ఆ ఏడు మొదటిసారి నోట పెట్టే పంట. మనమూ కొత్త బియ్యం, కొత్త బెల్లం అంటూనే ఉంటాం. అందుకని మొదటిసారి వచ్చినచోట "లామస్, అంటే కొత్త రొట్టె పండగ" అని రాసి, తర్వాత లామస్ అని సాగించండి. రొట్టె అంటే జొన్నరొట్టె తోస్తుందని ఒకరు అన్నారు. తోస్తే తోచనివ్వండి, అదీ ధాన్యమే.

చేర్పు: వరికంకుల కుచ్చుకు మీ ఊళ్లో ఏ పేరుందో జిల్లాతో సహా రాయండి. ఉత్తరాంధ్ర వాళ్లు "కొత్త"తో వచ్చే మిగతా పండగల పేర్లూ చెప్పండి.