కవెంట్రీలో అలాట్‌మెంట్ వచ్చింది, 5 రాడ్‌లంట, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి ప్లీజ్

కవెంట్రీ_కోడలు:
అందరికీ నమస్తే. అలాట్‌మెంట్ (ఇక్కడ ఇంగ్లండ్‌లో కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, కూరగాయలు పెంచుకోడానికి అద్దెకిచ్చే జాగా) కోసం వెయిటింగ్ లిస్టులో పేరిచ్చి మూడేళ్ళయింది, ఆ సంగతే మర్చిపోయా, పోయిన వారం మెయిల్ వచ్చింది హాఫ్ ప్లాట్ ఖాళీ అయింది వచ్చి చూస్కోండి అని. 5 రాడ్‌లు అని రాశారు, రాడ్ అంటే ఏంటో నాకూ తెలీదు మా ఆయనకీ తెలీదు, వెతికితే ఫుల్ ప్లాట్ 10 రాడ్‌లు, అంటే ఇంచుమించు 250 చదరపు మీటర్లు అని ఉంది, లెక్కేస్తే మాది 150 గజాలు! నాన్నకి ఫోన్లో చెప్తే "150 గజాలా, రిజిస్ట్రేషన్ ఎప్పుడు" అన్నారు. అద్దెకే నాన్నా అంటే సగం ఉత్సాహం పోయింది ఆయనకి.

వెళ్ళి చూస్తే నడుం దాకా గడ్డి, ఒక మూల బ్లాక్‌బెర్రీ ముళ్ళకంప, గడ్డిలో పడేసిన షెడ్డు తలుపు ఒకటి (షెడ్డు లేదు, తలుపొక్కటే ఉంది). మట్టి కాస్త గిల్లితే తెల్లగా సేమ్యాలాంటి వేర్లు, లాగితే పుటుక్కున తెగుతున్నాయి. అగ్రిమెంట్‌లో మూడు నెలల్లో నాలుగో వంతైనా సాగులోకి తేవాలి లేకపోతే నోటీస్ అని ఉంది. మా ఆయన వచ్చే వీకెండ్ రోటవేటర్ అద్దెకి తెచ్చి మొత్తం దున్నేద్దాం అంటున్నారు. అమ్మేమో ఉగాది వెళ్ళింది కదా గోంగూర, బెండ చల్లేయ్, విత్తనాలు పంపిస్తా అంటోంది. నేను పుట్టి పెరిగింది తణుకులో అపార్ట్‌మెంట్‌లో, తులసి మొక్క తప్ప ఇంకేం పెంచలేదు. ఎవరి మాట వినాలి?

లెస్టర్_రైతుబిడ్డ:
ముందుగాల కంగ్రాట్స్ చెల్లె. రోటవేటర్ మాత్రం వద్దని మీ ఆయనకు చెప్పు. ఆ సేమ్యా వేర్లు బైండ్‌వీడ్, చిన్న ముక్క మిగిలినా మళ్ళ మొక్క లేస్తది, రోటవేటర్ తిప్పితే ఒక్క వేరు వెయ్యి ముక్కలైతది, పైసలిచ్చి మరీ కలుపు నాటేసుకున్నట్టే. నేను 2019ల గదే పని చేసిన, జూన్ వచ్చేసరికి ప్లాటంత తీగలే, ఆ తెల్ల పూలు చూసి మా ఆవిడ మస్తుగున్నయి అన్నది, నాకు ఏడుపొచ్చింది.

150 గజాలు ఒక్కసారి తెరవకు. నాలుగో వంతంటే 30 చదరపు మీటర్ల చిల్లర, మొదటి ఏడు అది చాలు, ఉద్యోగం పిల్లలు ఉన్నోళ్ళకు అదే ఎక్కువ. మిగతాది గడ్డి కోసి నల్ల టార్పాలిన్ కప్పి అంచుల మీద బరువు పెట్టి మర్చిపో, ఎండ తగలకుంటే ఏ గడ్డైనా నీరసపడ్తది. పక్క ప్లాటోళ్ళు పాత కార్పెట్ ఇస్తమంటరు, తీసుకోకు, చాన సైట్లల్ల బంద్ పెట్టిన్రు, అది పీలికలై ప్లాస్టిక్ పోగులన్నీ మట్టిల కలుస్తయి.

తెరిచిన కాడ 1.2 మీటర్ల వెడల్పు మడులు చేసుకో, రెండు దిక్కుల నుంచి చెయ్యి నడిమిట్ల దాకా అందాలె, మడి తొక్కొద్దు. అట్టపెట్టెలు టేపు పీకి పరిచి మంచిగ తడిపి మీద కంపోస్ట్ పొయ్యి. బైండ్‌వీడ్ అట్టను కూడ చీల్చుకోని వస్తది, అబద్ధం చెప్ప, కనవడ్డప్పుడల్ల పీకుడే, రెండు మూడేండ్లకు దారికొస్తది.

బ్రిస్టల్_బాబాయ్:
తవ్వకుండా సాగు బానే ఉంటుంది కానీ ఖర్చు కూడా చెప్పండి సార్. 10 చదరపు మీటర్ల మడి మీద 10 సెంటీమీటర్ల మందాన కంపోస్ట్ పొయ్యాలంటే వెయ్యి లీటర్లు, అంటే 50 లీటర్ల బస్తాలు 20! 30 మీటర్లకి 60 బస్తాలు మోసుకొచ్చేసరికి కారు డిక్కీ, నడుం రెండూ పోతాయి. నేనైతే ఒక్క మడికే కంపోస్ట్ పోసి మిగిలిన మడులు ఫోర్క్‌తో (పొడుగాటి ముళ్ళున్న తోట పనిముట్టు) తిరగేశా, పార కాదమ్మా ఫోర్క్, పార వేరుని నరికేస్తుంది, ఫోర్క్ అయితే పైకి లేపుతుంది. ఏరిన వేర్లు కంపోస్ట్ కుప్పలో వెయ్యొద్దు, మూతున్న బకెట్లో నీళ్ళు పోసి ముంచి కుళ్ళబెట్టు, వాసన గురించి మాత్రం నన్ను తిట్టుకోవద్దు.

మొదటి పంట బంగాళదుంప వేసేయ్, నీలాంటి కొత్తవాళ్ళకి అంతకన్నా మంచి పంట లేదు. వంటింట్లో దుంపలు కాదు, సీడ్ పొటాటో అని అమ్ముతారు, వైరస్ లేనివని సర్టిఫై చేసినవి. 'ఫస్ట్ ఎర్లీ' (అన్నిటికన్నా ముందు చేతికొచ్చే) రకం తీసుకుని గుడ్ల ట్రేలో కళ్ళు పైకి పెట్టి వెలుతురున్న చోట ఉంచితే మొలక పొట్టిగా గట్టిగా వస్తుంది. మార్చి నెలాఖరుకి అడుగుకొకటి నాటి, మొక్క లేచే కొద్దీ మట్టి ఎగదోస్తూ ఉండు, జూన్ జూలైకి దుంపలొస్తాయి, బ్లైట్ తెగులు ముదిరే వేళకి నీ పంట ఇంట్లో ఉంటుంది. ఉల్లి సెట్లు (నాటుకునే చిన్న ఉల్లిగడ్డలు), బ్రాడ్ బీన్స్ (ఒక రకం చిక్కుడు) కూడా ఇప్పుడే.

ఇంకోటి. గుర్రాల లద్దె ఎరువు ఫ్రీగా ఇస్తాం అని బోర్డులు కనిపిస్తాయి, గెత్తం కదా అని ఎగబడకు. ఒక ఏడాది ఒక గుర్రాలశాల నుంచి ట్రైలర్ నిండా తెచ్చా, ఆ ఎండుగడ్డి మీద అమినోపైరాలిడ్ అనే కలుపు మందు కొట్టారంట, అది గుర్రం కడుపులోంచి బయటికొచ్చి ఎరువులో కూడా బతికే ఉంటుంది, నా టమాటా ఆకులన్నీ ముడుచుకుని ఫెర్న్ ఆకుల్లా అయిపోయాయి, చిక్కుళ్ళు అసలు లేవలేదు. ఇప్పుడు ఎవరిచ్చినా సరే ముందు ఒక కుండీలో కలిపి నాలుగు బ్రాడ్ బీన్ గింజలు వేసి చూస్తా, ఆకు తిన్నగా వస్తేనే ప్లాట్‌లోకి.

పులుపు_తప్పనిసరి:
అక్కా, అమ్మగారి క్యాలెండర్ తణుకుది, కవెంట్రీది కాదు. ఇక్కడ మే మూడో వారం దాకా కూడా ఒక్కో రాత్రి ఫ్రాస్ట్ (గడ్డకట్టే మంచు) పడుతుంది, బెండ, గోంగూర, సొర ఒక్క రాత్రికే నల్లగా మాడిపోతాయి. ఫ్రాస్ట్ ఆగాక వేసినా గోంగూరకి మన ఎండ కావాలి, బయట వేస్తే సెప్టెంబర్‌కి జానెడు పెరిగి చలికి చచ్చిపోతుంది, నేను రెండేళ్ళు చూశా. పాలీటన్నెల్ (ప్లాస్టిక్ షీట్ గుడారం) గానీ గ్లాస్‌హౌస్ గానీ ఉంటేనే బెండా గోంగూరా. విత్తనాలు కూడా పంపించొద్దని చెప్పండి, ఇండియా నుంచి నాటుకునే విత్తనం తేవాలంటే చాలా రకాలకి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు, పురుగులు లేవని ఇచ్చే కాగితం) ఉండాలి, లేకపోతే పట్టుకుంటారు.

పులుపు కావాలంటే ఇక్కడ సోరెల్ అని దొరుకుతుంది, మన చుక్కకూర చుట్టమే, ఒకసారి వేస్తే ప్రతి ఏడూ దానంతట అదే లేస్తుంది, చలికి చావదు, పప్పులో వేస్తే మా అత్తగారు కూడా కనిపెట్టలేకపోయారు. రూబార్బ్ అనే పుల్లటి మొక్క కాడలతో కూడా పప్పూ పచ్చడీ భలే కుదురుతాయి, ఆకు మాత్రం విషం, కాడలే వాడాలి.

మెంతులు, ధనియాలు వంటింటి డబ్బాలోవే చల్లేయండి ఏప్రిల్ నుంచి, ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చెయ్యాలి. కొత్తిమీర ఎండ ముదిరితే పూతకొచ్చేస్తుంది, అందుకే ఒకేసారి కాకుండా రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెం చల్లుకోండి. తోటకూర మే ఆఖర్లో, పక్క ప్లాట్‌లో జమైకా వాళ్ళుంటే కలాలూ అని అడగండి, వాళ్ళ దగ్గర విత్తనం ఉంటుంది, మా ప్లాట్‌లో తోటకూర అంతా ఒక జమైకన్ ఆంటీ ఇచ్చిందే. రన్నర్ బీన్స్‌కి వెదురు కర్రలు పాతి చిక్కుడు పందిరిలా కట్టండి, ఆ కాయ లేతగా కోసి కొబ్బరేసి కూర చేస్తే మన చిక్కుడుకి ఏం తీసిపోదు, పచ్చిగా మాత్రం తినకూడదు.

లిస్ట్‌లోనే_ఉన్నా:
మీరందరూ అదృష్టవంతులు, మా టౌన్‌లో అలాట్‌మెంట్లే లేవు, అడిగితే స్థలం లేదు పొమ్మన్నారు.

బ్రిస్టల్_బాబాయ్:
@లిస్ట్‌లోనే_ఉన్నా 1908 నాటి అలాట్‌మెంట్ల చట్టం ఉంది బాబూ. ఓటర్ల లిస్టులో ఉన్నవాళ్ళో, కౌన్సిల్ ట్యాక్స్ కట్టేవాళ్ళో ఆరుగురు కలిసి రాసిస్తే కౌన్సిల్ దాన్ని పట్టించుకుని తీరాలి, అప్పటికప్పుడు స్థలం ఇచ్చేస్తారని కాదు గానీ పొమ్మనడం మాత్రం కుదరదు. లండన్ నడిమధ్య అయితే వర్తించదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా కామన్వెల్త్ కింద మనకి ఇక్కడ ఓటుంది, చాలామందికి తెలీదు. ఆరుగురు తెలుగువాళ్ళు దొరకరా మీ ఊళ్ళో?

కవెంట్రీ_కోడలు:
అమ్మో ఎంత ఓపిగ్గా రాశారు అందరూ, థాంక్యూ. అమ్మకి ఫ్రాస్ట్ సంగతి చెప్తే "మే నెలలో చలేంటే" అని నమ్మట్లేదు. ఇంకో డౌట్, పక్క ప్లాట్ పెద్దాయన "స్లగ్‌లు నీకేం మిగల్చవు" అని నవ్వుతూ వెళ్ళారు (స్లగ్ అంటే గుల్ల లేని నత్త), వాటికి నీలం మందు గుళికలు చల్లాలా?

లెస్టర్_రైతుబిడ్డ:
ఆ పెద్దాయనతోని దోస్తీ చెయ్ చెల్లె, ఆ మట్టి గురించి ఆయనకు తెలిసినంత మాకెవ్వలకు తెల్వదు. పాత నీలం గుళికలు, గదే మెటల్డిహైడ్, 2022 ఏప్రిల్ నుంచి ఇక్కడ వాడొద్దు, ఎవరి షెడ్డుల నుంచన్న పాత డబ్బా ఇస్తే తీసుకోకు. ఇప్పుడు అమ్మేటివి ఐరన్ ఫాస్ఫేట్‌యి. నన్నడిగితే నారు ఇంట్ల కిటికీ కాడ పెంచి, నాలుగు ఆకులొచ్చినంక నాటు, మొలకనైతే స్లగ్ ఒక్క రాత్రిల మాయం చేస్తది గని ముదిరిన మొక్కను అంత తొందరగ ఖతం చెయ్యలేదు. చీకటి పడ్డంక టార్చ్ పట్టుకోని పోయి ఏరుడు ఇంకో పద్ధతి. నీళ్ళు ట్యాంకుల నుంచి క్యాన్‌తోని మోసుడే ఉంటది చాన కాడ, పైపు పెట్టనిస్తరో లేదో సైట్ సెక్రటరీని అడుగు.

ఆ, ఆ షెడ్డు తలుపు పారెయ్యకు.

కవెంట్రీ_కోడలు:
ఆదివారం వెళ్ళొచ్చాం. తలుపు సంగతి ఎందుకు చెప్పారో అర్థమైంది అన్నా. ఇద్దరం కలిసి లేపితే కింద ఒక్క గడ్డిపరక లేదు, మట్టి నల్లగా మెత్తగా, ఇంతింత లావు వానపాములు. మా ఆయన కాసేపు దాన్నే చూసి, అక్కడే నిలబడి రోటవేటర్ బుకింగ్ క్యాన్సిల్ చేశారు. ఆ తెల్ల వేర్లు అక్కడ కూడా నాలుగైదు ఉన్నాయి, ఫోర్క్‌తో లేపి బకెట్లో వేశా. తలుపున్న చోటే మొదటి మడి, దుంపలు అందులోకే. తలుపుని మూడడుగులు పక్కకి జరిపి మళ్ళీ పడేశాం.