ఇసక వాకిట్లో నాచు పూలు వానకి కుళ్ళిపోతున్నాయి, ఏటి చెయ్యాలి?

ఉద్దానం కోడలు:
మాది కవిటి దగ్గర. ఇంటిముందు మూడు సెంట్ల జాగా, ఒట్టి ఇసక. 2018 తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లు పడిపోయాయి, అప్పట్నుంచి నీడ లేదు. మే నెలలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వెయ్యలేం. గడ్డి వేస్తే రోజూ తడపాలి. అందుకని మా ఆడపడుచు ఇంటినుంచి ఓ సంచీడు నాచు పూల కొమ్మలు తెచ్చి గుచ్చాను. వారానికి ఒక్కసారి నీళ్ళు, అంతే. ఎరుపు, పసుపు, నారింజ, వాకిలంతా పరుచుకుపోయింది. ఆగస్టు వానలకి గేటు పక్కవి మాత్రం నల్లబడ్డాయి, పట్టుకుంటే జారిపోతున్నాయి. నూతి వైపువి బాగున్నాయి. మందేదైనా కొట్టాలా?

మేడమీద తోట, విజయనగరం:
మందు వద్దమ్మా. గేటు దగ్గర ఏమైనా వేశారా?

ఉద్దానం కోడలు:
వేశానండీ. రెండు తట్టల చెరువుమట్టి, ఓ తట్ట గెత్తం (పశువుల ఎరువు). వచ్చేవాళ్ళకి ముందు కనబడేది అదే కదా అని.

మేడమీద తోట, విజయనగరం:
ముద్దు చేసి చంపేశారు! ఇది దక్షిణ అమెరికా మొక్క, ఆకులోనూ కాడలోనూ నీళ్ళు దాచుకుంటుంది. వేరు దగ్గర తడి నిలిస్తే కాడ మెత్తబడిపోతుంది. ఆ మట్టి ఎత్తేసి, ఇసక బెత్తెడు ఎత్తు పోయండి. నూతి వైపునుంచి నాలుగువేళ్ళ పొడవు కొమ్మలు తుంపి, ఒకరోజు నీడలో ఉంచండి, తెగిన చోటు ఆరాలి. తర్వాత గుచ్చండి. అక్టోబరు తుపాన్లకి ముందు రెండు కుండీలు చూరు కింద దాచుకోండి. అవి ఉంటే మళ్ళీ వాకిలంతా వస్తుంది. నేను రెండేళ్ళు దాచకుండా పోగొట్టుకుని నేర్చుకున్నాను.

పాత బోటనీ మాస్టారు, నరసన్నపేట:
ఎండిన కాయ చూశారా? పైభాగం డబ్బా మూతలా ఊడొస్తుంది, లోపల ఆవగింజకన్నా చిన్న గింజలు. అవీ దాచండి. ఇది మన పావిలికూరకి చుట్టమే. నీళ్ళు కరువైతే ఈ జాతి ఆకు రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి గాలి పీల్చుకోగలదు. మబ్బురోజున పువ్వు విచ్చకపోతే జబ్బు అనుకోకండి, దానికి ఎండ కావాలి. తొక్కితే మాత్రం ఓర్చుకోదు, నడిచే దారి వదిలెయ్యండి. ఇసక కొట్టుకుపోవడం మీ బాధయితే బారువ సముద్రం ఒడ్డున పాకే బాలబంద తీగ నయం. కానీ ఇంటిముందు వేస్తే గేటు కూడా కనబడదు.

ఉద్దానం కోడలు:
మా అత్తగారు మొదట్నుంచీ అదే అంటున్నారు, "పువ్వులెందుకు, పావిలికూరే వేస్తే పప్పులోకొచ్చేది" అని.

పాత బోటనీ మాస్టారు, నరసన్నపేట:
రుచికి ఆవిడ మాటే రైటు. కాకపోతే పావిలికూరలో ఆక్సలేట్లు, అంటే కిడ్నీలకి పడని ఒకరకం లవణాలు, ఎక్కువ. మీవైపు కిడ్నీ జబ్బులు తెలిసినవే కదా, అలాంటివాళ్ళు డాక్టర్ని అడక్కుండా తినకూడదు.

ఉద్దానం కోడలు:
మట్టి ఎత్తేశాం. అత్తగారు అందులో వంగనారు పోసేశారు. కొమ్మలు వరండాలో పేపరు మీద ఆరబెట్టాను, మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి కోడి సగం తినేసింది. మళ్ళీ తుంపాలి.