కాలేయ మార్పిడి జరిగి ఏళ్లు గడిచాక రిజెక్షన్ (కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టడం) రాకుండా వేసుకునే మందులు మానవచ్చా?

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
నాకు కాలేయ మార్పిడి జరిగి 9 ఏళ్లయింది. మొదటి ఏడాది తర్వాత లివర్ పరీక్షలలో ఎన్నడూ తేడా రాలేదు. అయితే రిజెక్షన్ రాకుండా రెండు పూటలా వేసుకునే టాక్రోలిమస్ అనే మందు వల్ల చేతులు వణుకుతున్నాయి, రక్తపోటు వచ్చింది, మూడేళ్లుగా క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) మెల్లమెల్లగా పెరుగుతోంది. కాలేయాన్ని కాపాడే మందు మూత్రపిండాలను దెబ్బతీస్తూ ఉంటే జీవితాంతం దాన్ని వేసుకోవలసిందేనా? కొందరు పూర్తిగా మానేసి కూడా బాగున్నారని చదివాను.

మొదటి సమాధానం:
మానవచ్చుననే నా అభిప్రాయం. మార్పిడి చేసిన అవయవాలలో కాలేయాన్ని శరీరం తేలికగా తనదిగా చేసుకుంటుంది. పందులలో మార్పిడి చేసిన కాలేయం మందులు లేకుండానే నిలవగలదని బ్రిటిష్ శస్త్రవైద్యుడు రాయ్ కాన్ బృందం 1969లోనే చూపింది. మనుషులలోనూ, జాగ్రత్తగా ఎంపిక చేసినవారిలో సుమారు ఐదో వంతు మంది మందులు మానగలిగారు. మార్పిడి జరిగి పదేళ్లు దాటినవారిలోనూ, వయసు పైబడినవారిలోనూ ఈ అవకాశం ఇంకా ఎక్కువ. పరీక్షలు బాగున్నంతకాలం మందుల భారం మోయమనడం న్యాయం కాదు.

రెండో సమాధానం:
ఆ ఐదో వంతు లెక్క నిజమే. కానీ మిగిలిన నలుగురి సంగతి ఏమిటన్నదే నా ప్రశ్న. మా అన్నయ్య మార్పిడి జరిగిన ఆరో ఏట, ఒంట్లో బాగుందన్న ధీమాతో, ఎవరికీ చెప్పకుండా మాత్రలు సగానికి తగ్గించుకున్నాడు. రెండు నెలలపాటు ఏమీ కాలేదు. ఆ తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, బయాప్సీలో (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) రిజెక్షన్ అని తేలింది, పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు ఎక్కించవలసి వచ్చింది. దేవుడి దయవల్ల కాలేయం నిలబడింది కానీ, తప్పించుకోవాలనుకున్న మందులకంటే బరువైన మందులు ఒంట్లోకి వెళ్లాయి, వాటితోపాటు మధుమేహమూ వచ్చింది. రిజెక్షన్ దీర్ఘకాలికంగా మారితే కాలేయంలోని సన్నని పిత్తనాళాలు ఒక్కొక్కటిగా నశిస్తాయి. అంతదూరం వెళ్లినవారికి చాలాసార్లు రెండో మార్పిడి తప్ప దారి ఉండదు.

రక్తపరీక్షలు బాగుండడాన్ని పూచీగా తీసుకోవడం కూడా పొరపాటే. రక్తంలో కాలేయ ఎంజైములు మామూలుగా ఉన్నప్పటికీ లోపల వాపు, మచ్చకట్టడం నెమ్మదిగా సాగుతున్నవారు ఉంటారు, అందుకే మందులు మాన్పించే ప్రయత్నం చేసే వైద్యులు ముందూ తర్వాతా బయాప్సీ చేస్తారు, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు, ఆటోఇమ్యూన్ వ్యాధి (శరీర రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడి చేసే జబ్బు) వల్ల మార్పిడి అవసరమైనవారిని సాధారణంగా ఈ ప్రయత్నంలోకే తీసుకోరు.

అలాగని మీరు ఓర్చుకుని ఊరుకోవాలని నేను అనను, ఇక్కడ నాకు మొదటి సమాధానం రాసినవారితో ఏకీభావమే ఉంది. బతికించారు కదా, ఇంకేం కావాలి అన్న మాట మా ఇంట్లోనూ వినిపించింది; ఆ మాటకు జడిసే అన్నయ్య తన వణుకు గురించి, నిద్రలేమి గురించి డాక్టరుకు చెప్పకుండా దాచాడు, చివరికి సొంతంగా మాత్రలు తగ్గించుకున్నాడు. అవయవదానం చేసిన కుటుంబం కోరుకునేది మనిషి బాగుండాలనే తప్ప, మూగగా బాధపడుతూ రుణం తీర్చుకోవాలని కాదు. మానడానికీ, ఉన్నది ఉన్నట్టు వేసుకోవడానికీ మధ్య చాలా చోటు ఉంది. ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తం ఇచ్చి టాక్రోలిమస్ స్థాయి చూపించుకోండి. ఏళ్లు గడిచిన కొద్దీ తక్కువ స్థాయి సరిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటున్నవారికి రిజెక్షన్‌ను ఆపే వేరే మందులైన మైకోఫినొలేట్ గాని, ఎవరోలిమస్ గాని జతచేసి టాక్రోలిమస్‌ను బాగా తగ్గించే పద్ధతి వాడుకలో ఉంది. క్రియాటినిన్ పెరగడం మొదలైన తొలి రోజుల్లోనే అడగాలి, ఎందుకంటే ఒకసారి పోయిన మూత్రపిండాల శక్తి చాలావరకు తిరిగి రాదు.

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా వణుకు సంగతి నేనూ ఇప్పటివరకు డాక్టరుగారితో చెప్పలేదు. ఈ నెల పరీక్షకు వెళ్లినప్పుడు మూడేళ్ల క్రియాటినిన్ రిపోర్టులు వరుసగా పెట్టి చూపించి, మోతాదు తగ్గించే వీలుందా, బయాప్సీ అవసరమా అని అడుగుతాను. అంతవరకు రెండు పూటలా మాత్రలు యథాప్రకారం వేసుకుంటాను.